బాత్‌రూమ్ జాలీ కంపు కొడుతుంటే: మగ్గు నీళ్లతో మొదలుపెట్టి ప్లంబర్ దాకా

బాత్‌రూమ్‌లో కంపు అనగానే చెయ్యి ముందు ఫినాయిల్ సీసా మీదికి పోతుంది. దాంతో పోకపోతే జాలీ మీద రెండు నాఫ్తలీన్ ఉండలు. వాటికీ లొంగకపోతే యాసిడ్. ఇవన్నీ అయ్యాక మర్నాడు పొద్దున తలుపు తీస్తే మళ్లీ అదే కంపు, దానికి తోడు ఫినాయిల్ వాసన కూడా. చాలా ఇళ్లలో ఆ కంపు పుట్టేది బాత్‌రూమ్‌లో కాదు. సెప్టిక్ ట్యాంకులోనో, చాంబర్‌లోనో (ఇంటి బయట మురుగు పైపులు కలిసే మూత ఉన్న గుంత), వీధి మురుగు కాల్వలోనో పుట్టి పైపు పట్టుకుని పైకి వస్తుంది. అది లోపలికి రాకుండా ఆపాల్సింది జాలీ కింద నిలిచే గుప్పెడు నీళ్లు. కాబట్టి సీసాలు కొనే ముందు ఆ నీళ్లు ఉన్నాయో లేదో చూడాలి. ఈ వ్యాసమంతా ఆ నీళ్ల చుట్టూనే తిరుగుతుంది.

జాలీ కింద ఏముంటుంది

స్టీలు జాలీ ఎత్తి టార్చి వేసి చూడండి. లోపల గిన్నెలాంటి భాగం, అందులో నీళ్లు కనబడాలి. దాన్నే నహానీ ట్రాప్ అంటారు, ప్లంబర్లు మాటల్లో నానీ ట్రాప్ అంటుంటారు. మనం పోసిన నీళ్లు ఆ గిన్నెలో ఉన్న నీళ్లను తోసుకుంటూ పైపులోకి పోతాయి, ఆఖర్న కొన్ని నీళ్లు గిన్నెలోనే ఆగిపోతాయి. సీసాకు బిరడా ఎలాగో పైపుకు ఆ నీళ్లు అలాగ. ఆ బిరడా లోతు కనీసం 50 మిల్లీమీటర్లు, అంటే రెండంగుళాలు ఉండాలని భవన నిర్మాణ నిబంధనలు చెబుతాయి. చవకరకం ట్రాపుల్లో ఇది అంగుళం కూడా ఉండదు, ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

పైపును వంచి అందులో నీళ్లు నిలిపి వాసన ఆపే ఏర్పాటుకు 1775లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల తయారీదారు లండన్‌లో పేటెంట్ తీసుకున్నాడు. రెండున్నర శతాబ్దాలు గడిచినా ఇంతకంటే మెరుగైన మూత ఎవరూ కనిపెట్టలేదు. వాష్‌బేసిన్ కింద, కమోడ్ లోపల, ఇంటి బయట, నీళ్లు చాంబర్‌లోకి పోయే ముందు ఉండే గల్లీ ట్రాప్‌లో పనిచేసే సూత్రం కూడా ఇదే.

ట్రాపులు ప్రధానంగా రెండు రకాలుగా కనిపిస్తాయి. ఒకదానిలో పైపు వంపు తిరిగి ఉంటుంది, విడదీయడానికి ఏమీ ఉండదు. రెండోదానిలో గిన్నె మధ్యలో పైకి లేచిన గొట్టం, దాని మీద బోర్లించిన కప్పు ఉంటాయి. ఈ కప్పు సంగతి గుర్తుంచుకోండి. నీళ్లు నెమ్మదిగా పోతున్నాయని కడగడానికి వచ్చినవాళ్లు దాన్ని తీసి పక్కన పెడతారు, తర్వాత అది చెత్తబుట్టలోకి పోతుంది. కప్పు లేకపోతే గిన్నెలో నీళ్లున్నా లాభం లేదు, మధ్య గొట్టం తెరిచిన కిటికీతో సమానం. జాలీ ఎత్తగానే మధ్యలో నోరు తెరిచిన గొట్టం కనబడితే మీ వెతుకులాట అక్కడితో అయిపోయినట్టే. అదే కొలత కప్పు హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుందేమో చూడండి. దొరక్కపోతే ఆ కొలతకు సరిపోయే కాక్రోచ్ జాలీ, అంటే బొద్దింకలు రాకుండా అడుగున కప్పు ఉన్న జాలీ, వేసుకోవచ్చు.

మొదటి పని: కంపు ఎక్కడిదో తేల్చుకోవడం

బాత్‌రూమ్‌లో మామూలుగా మూడు నాలుగు రంధ్రాలుంటాయి: స్నానం చేసే చోట జాలీ, వాష్‌బేసిన్, కమోడ్, వాషింగ్ మెషీన్ గొట్టం దూర్చిన కన్నం. అన్నిట్లో ఒకేసారి మందు పోస్తే ఏది పనిచేసిందో తెలియదు.

కంపు తీరును బట్టి కొంత చెప్పేయవచ్చు. కుళ్లిన గుడ్డు వాసనైతే హైడ్రోజన్ సల్ఫైడ్, అంటే మురుగు వాయువు, ఎక్కడో నీటి బిరడా తెగింది. కుళ్లిన ఆకుల వాసన, తడిగుడ్డ మురిగిన వాసన అయితే జాలీ దగ్గర్లోనే వెంట్రుకలు, సబ్బు జిడ్డు పేరుకున్నాయి. మూత్రం వాసనైతే కమోడ్ చుట్టూ టైల్స్ సందుల్లో వెతకాలి. పాతబడిన తేమ వాసనైతే గోడలో లీకేజీ ఉంది, జాలీని ఎంత కడిగినా పోదు.

ఒక తిరకాసు కూడా ఉంది. వేడినీళ్లు వదిలినప్పుడే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంటే ఆ తప్పు గీజర్‌ది. బోరు నీళ్లలో సల్ఫేటు ఉంటే, గీజర్ లోపల తుప్పు పట్టకుండా పెట్టే మెగ్నీషియం కడ్డీ దగ్గర కొన్నిరకాల బ్యాక్టీరియా ఆ వాసన పుట్టిస్తాయి. మగ్గులో వేడినీళ్లు పట్టి వరండాలోకి తీసుకెళ్లి వాసన చూడండి. అక్కడా వస్తే మెకానిక్‌ను పిలిచి గీజర్ కడిగించి, ఆ కడ్డీ మార్పించాలి. జాలీ జోలికి పోనక్కర్లేదు.

ఇక అసలు పరీక్ష. రాత్రి అందరి స్నానాలూ అయ్యాక, దళసరి పాలిథిన్ కవర్లలో సగం దాకా నీళ్లు పోసి ముడి వేయండి. ఒక్కో రంధ్రం మీద ఒక్కో కవరు పెట్టండి. నీళ్ల బరువుకు కవరు సాగి జాలీ మీద అతుక్కుపోతుంది, గాలి దూరదు. తలుపు, కిటికీ మూసేయండి. పొద్దున లోపలికి వెళ్లి వాసన లేదని రూఢి చేసుకున్నాక ఒక్కో కవరు తీసి, పావుగంట ఆగి చూడండి. ఏది తీసినప్పుడు కంపు మొదలైందో దొంగ అక్కడే ఉన్నాడు. అన్నీ మూసినా కంపు వస్తోందంటే అది జాలీది కాదు: కమోడ్ అడుగు, కిటికీ, లేదా ఫాల్స్ సీలింగ్ పైన పైపు అతుకు అనుమానించాలి.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే ఇంకో చిట్కా. తలుపు వేసి ఫ్యాన్ ఆన్ చేయండి. కంపు తగ్గాల్సింది పోయి ఎక్కువైతే ఫ్యాన్ ట్రాప్‌లోంచే గాలి లాగుతోందని అర్థం. తేలిగ్గా తీసుకోవద్దు. 2003 మార్చిలో హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ అపార్ట్‌మెంట్లలో 300 మందికి పైగా సార్స్ అనే ఊపిరితిత్తుల అంటువ్యాధి సోకింది. దర్యాప్తులో బయటపడిన కారణాల్లో బాత్‌రూమ్ నేల ట్రాపులు ఎండిపోవడం ఒకటి. అక్కడివాళ్లు నేలను తడిగుడ్డతో తుడిచేవారు, నీళ్లు పోసి కడిగేవారు కాదు. ఎండిన ట్రాపుల మీదుగా ఎగ్జాస్ట్ ఫ్యాన్లు మురుగు పైపులోని గాలిని, తుంపరలను లోపలికి లాగాయి.

రెండో పని: అరబకెట్ నీళ్లు

వాడకంలో లేని బాత్‌రూమ్ అయితే దీంతోనే పని అయిపోవచ్చు. అరబకెట్ నీళ్లు జాలీలో నెమ్మదిగా పోయండి. కమోడ్ ఒకసారి ఫ్లష్ చేయండి, వాష్‌బేసిన్ కొళాయి ఒక నిమిషం వదలండి. అరగంటలో కంపు తగ్గి రెండు మూడు రోజులు రాకపోతే ట్రాప్ ఎండిపోయిందంతే.

అతిథుల గది బాత్‌రూమ్‌లకు, మేడ మీద ఎవరూ వాడని బాత్‌రూమ్‌లకు ఇది మామూలు జబ్బు. మన ఎండాకాలంలో, ముఖ్యంగా రాయలసీమ, తెలంగాణ పొడి వేడిలో, లోతు తక్కువున్న ట్రాప్ కొన్ని వారాల్లోనే ఖాళీ అవుతుంది. వారానికోసారి పూలమొక్కలకు నీళ్లు పోసే రోజున ఆ జాలీలో కూడా ఒక మగ్గు పోసే అలవాటు పెట్టుకోండి.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి ఆర్నెల్లు ఇల్లు తాళం వేసి ఉంచేవాళ్లకు ఇది కుదరదు. బయల్దేరే రోజు ప్రతి జాలీలో నీళ్లు పోశాక, పైన నాలుగైదు చెంచాల లిక్విడ్ పారఫిన్ వేయండి, మందుల షాపులో దొరుకుతుంది. నీళ్ల మీద తేలి ఆవిరిని ఆపుతుంది. వంటనూనె కూడా ఆపుతుంది కానీ నెలలు గడిస్తే ముక్కిపోయి దాని వాసన అది తెస్తుంది. జాలీ మీద నీళ్ల కవరు పెట్టి వెళ్తే ఇంకా భరోసా. కమోడ్‌లో కూడా పారఫిన్ వేసి మూత దించండి.

రోజూ వాడే జాలీలో కూడా నీళ్లు నిలవట్లేదంటే కారణాలు మూడు. కప్పు లేకపోవడం ఒకటి, చెప్పుకున్నాం. ట్రాప్ పగిలి నీళ్లు నేలలోకి ఇంకిపోవడం రెండోది. కింది పోర్షన్ సీలింగ్‌లో తడి మచ్చ దీనికి గుర్తు. మూడోది ఎవరూ ఊహించరు: గిన్నె అంచు మీదుగా పైపులోకి వేలాడే వెంట్రుకల చిక్కు. దీపం వత్తి నూనెను పైకి లాగినట్టే ఆ చిక్కు చుక్కచుక్కగా నీళ్లను అవతలికి లాగేస్తుంది. రాత్రి నిండుగా ఉన్న ట్రాప్ పొద్దున సగానికి వచ్చిందంటే టార్చి వేసి ఆ వెంట్రుకల కోసం చూడండి.

మూడో పని: జాలీ ఎత్తి కడగడం

చాలామంది దాటేసే పని, ఫలితం ఎక్కువిచ్చే పని కూడా ఇదే. కావాల్సినవి: రబ్బరు గ్లౌజులు, స్క్రూడ్రైవర్, టార్చి, పాత టూత్‌బ్రష్, సీసాలు కడిగే పొడుగు బ్రష్, పాత న్యూస్‌పేపరు, ప్లాస్టిక్ కవరు. వెంట్రుకలు లాగే ముళ్ల పట్టీ, అంటే రెండువైపులా గాట్లున్న పొడవాటి ప్లాస్టిక్ పట్టీ, ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతుంది. అది లేకపోతే బట్టల హ్యాంగర్ తీగ చివర చిన్న కొక్కెంలా వంచుకోండి.

కొన్ని జాలీలు మరతో తిరుగుతాయి, కొన్నిటికి స్క్రూలుంటాయి, కొన్ని ఊరికే కూర్చుంటాయి. పాత ఇళ్లలో వైట్ సిమెంటుతో అతికించేసి ఉంటాయి. వాటిని బలవంతాన పెకిలిస్తే టైల్ అంచు లేచిపోతుంది. చుట్టూ సిమెంటు గీతను స్క్రూడ్రైవర్ మొనతో కొద్దికొద్దిగా గీకి, అప్పుడు ఎత్తండి. మళ్లీ పెట్టేటప్పుడు సిమెంటు వేయకండి, ఊరికే కూర్చునే జాలీ కొనుక్కుంటే ప్రతిసారీ ఈ బాధ ఉండదు.

జాలీని తిరగేసి చూడండి. పైన మెరుస్తున్నా అడుగున బూడిదరంగులో, వేలికి అంటుకునే పాకుడు పొర ఉంటుంది. సబ్బు, చర్మం మీది జిడ్డు, బ్యాక్టీరియా కలిసి కట్టిన పొర అది. నీళ్లు దాని మీదుగా జారిపోతాయి తప్ప దాన్ని కదిలించలేవు. ఫినాయిల్ కూడా పైపైనే తాకిపోతుంది, రుద్దితేనే పోతుంది. బాత్‌రూమ్ గోడ మీద కదలకుండా కూర్చునే చిన్నచిన్న నూగు రెక్కల ఈగలు మీకు కనిపిస్తుంటే అవి గుడ్లు పెట్టేది ఈ పొరలోనే. కీటకాల మందు కొట్టి లాభం లేదు, పొర పోతే అవీ పోతాయి.

వెంట్రుకలు లాగేటప్పుడు ఒక్కసారిగా గుంజకండి, సగం తెగి లోపలికి జారుతుంది. పట్టీని లోపలికి దింపి, రెండుసార్లు తిప్పి, నెమ్మదిగా పైకి తీయండి. వచ్చిన చిక్కును న్యూస్‌పేపర్లో చుట్టి కవర్లో వేయండి, కమోడ్‌లో వేసి ఫ్లష్ చేయకండి. కప్పు ఉంటే తీసి, లోపలివైపు కూడా రుద్ది, గిన్నె అడుగున ఉన్న మడ్డిని పాత చెంచాతో తోడేయండి. ఆ మడ్డిలో ఇసుక, విరిగిన సబ్బు ముక్కలు, పండగ స్నానాల నాటి కుంకుడుకాయ తొక్కలు, సున్నిపిండి ముద్ద బయటపడతాయి. తలంటు నూనె, సున్నిపిండి కలిసి పిండిముద్దలా గట్టిపడి మూలల్లో కూర్చుంటాయి. బోరు నీళ్ల ఉప్పుతో సబ్బు విరిగి తెల్లటి పెచ్చులు కట్టే ఊళ్లలో ఇది ఇంకా త్వరగా పేరుకుంటుంది.

రుద్దడం అయ్యాక ఒక బకెట్ నీళ్లు ఒక్కసారిగా పోయండి. నీళ్లు జాలీ దగ్గర నిలబడకుండా దిగిపోవాలి. కప్పు తిరిగి పెట్టి, చివరగా ఒక మగ్గు నీళ్లు పోసి ట్రాప్ నింపండి. కప్పు పెట్టడం మరిచిపోయి ఆ శ్రమంతా వృథా చేసుకునేవాళ్లు చాలామంది.

నాలుగో పని: సోడా, వేడినీళ్లు, బ్లీచింగ్

చేత్తో రుద్దలేని చోట, పైపు లోపలి జిడ్డుకు ఇవి.

వంటసోడా, వెనిగర్ కలిపి పోసే పద్ధతికి ఇంటర్నెట్‌లో ఎక్కడలేని పేరుంది. నురుగు బాగా వస్తుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆ రెండూ ఒకదాన్నొకటి చంపుకుని మిగిలేది దాదాపు ఉప్పునీళ్లలాంటి ద్రావణం. తేలికపాటి మురికి కదలొచ్చు, అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు. దానికంటే బట్టల సోడా నయం. క్షారగుణం వంటసోడా కంటే బాగా ఎక్కువ, జిడ్డును విరగ్గొడుతుంది. గ్లౌజులు వేసుకుని మూడు నాలుగు చెంచాలు అరబకెట్ వేడినీళ్లలో కలిపి, రాత్రి పడుకునే ముందు జాలీలో నెమ్మదిగా పోసి వదిలేయండి. పొద్దున బ్రష్‌తో ఒకసారి రుద్ది, బకెట్ నీళ్లు కుమ్మరించండి.

వేడినీళ్లంటే గీజర్ నీళ్లు చాలు. పొయ్యి మీద మరిగించినవి పోయకండి. పీవీసీ (ప్లాస్టిక్) పైపు 80 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి మెత్తబడుతుంది, అతుకులు సాగుతాయి. ఒకసారి అతుకు వదిలితే కంపుతో పాటు కింది ఇంటివాళ్ల ఫిర్యాదు కూడా మొదలవుతుంది.

క్రిములు పోవాలంటే బ్లీచింగ్ పౌడరు. జాలీ కడిగాకే వేయాలి, పాకుడు మీద వేస్తే పైపొరతోనే దాని బలం అయిపోతుంది. రెండు చెంచాలు మగ్గు నీళ్లలో కలిపి పోసి, కిటికీ తెరిచి, అరగంట తర్వాత నీళ్లు కొట్టండి. నెలకోసారికి మించి అక్కర్లేదు.

ఇప్పుడు కాస్త గట్టిగా చెప్పాల్సిన విషయం. బ్లీచింగ్ పౌడరుకు యాసిడ్ గానీ, యాసిడ్ ఉండే టాయిలెట్ క్లీనర్ గానీ తగలకూడదు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, మూసిన బాత్‌రూమ్‌లో ఊపిరితిత్తులకు ప్రమాదం. ‘పొద్దున అది పోశాం, ఇప్పుడు ఇది పోద్దాం’ అన్నా ట్రాప్‌లో నిలిచిన నీళ్లలో రెండూ కలుసుకుంటాయి. మధ్యలో రెండు మూడు బకెట్ల నీళ్లు పోయాల్సిందే, వీలైతే రోజు మార్చండి. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్లతో కూడా బ్లీచింగ్ కలపకూడదు. ప్యాకెట్లలో వచ్చే డ్రెయిన్ క్లీనర్ గుళికలు చాలావరకు కాస్టిక్ సోడా. వాటిని పోసినచోట వెంటనే యాసిడ్ పోస్తే భగ్గున పొంగి మొహం మీదికి చిమ్ముతుంది. ఆ గుళికల మీద వేడినీళ్లు పోసినా అంతే, ప్యాకెట్ మీద చెప్పిన నీళ్లే పోయాలి. అప్పుడు జాలీ మీదికి వంగి చూడకండి, పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకండి.

యాసిడ్ మీద నా అభిప్రాయం అడిగితే, నేల జాలీకి అసలు వాడొద్దంటాను. ఉప్పు పెచ్చులను కరిగిస్తుంది నిజమే, కానీ టైల్స్ మధ్య వైట్ సిమెంటునూ అంతే సులువుగా కరిగిస్తుంది. ట్రాప్ చుట్టూ సందు పడితే ఆ సందులోంచే నీళ్లు నేలలోకి, కంపు పైకి. మూడు నెలల తర్వాత వచ్చే ఆ కంపుకు మళ్లీ యాసిడే పోస్తారు. పైగా సెప్టిక్ ట్యాంకున్న ఇళ్లలో మలాన్ని విరగ్గొట్టే బ్యాక్టీరియాను తరచుగా పోసే యాసిడ్ దెబ్బతీస్తుంది.

నాఫ్తలీన్ ఉండలు కంపును కప్పుతాయి, ఆపవు. చిన్నపిల్లలు మిఠాయి అనుకుని నోట్లో పెట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్) లోపం ఉన్న పసివాళ్లకు మరీ ప్రమాదం.

వాష్‌బేసిన్, వాషింగ్ మెషీన్

నేల జాలీ శుభ్రంగా ఉన్నా కంపు పోలేదంటే వాష్‌బేసిన్ కింద కూర్చుని చూడండి. బాటిల్ ట్రాప్, అంటే విప్పి కడుక్కోగలిగే సీసాలాంటి ట్రాప్, ఉంటే అదృష్టం. కింద బకెట్ పెట్టి, అడుగు కప్పును చేత్తో తిప్పి విప్పండి. నల్లటి నీళ్లు, పళ్లపొడి మడ్డి, గడ్డం వెంట్రుకలు ఒక్కసారిగా పడతాయి. కడిగి, రబ్బరు వాషర్ వంకర పోకుండా తిరిగి బిగించి, ఒక మగ్గు నీళ్లు పోసి కారుతోందేమో చూడండి. రెంచీతో అతిగా బిగిస్తే ప్లాస్టిక్ మర చీలుతుంది, చేతి బిగింపు చాలు.

చాలా ఇళ్లలో బాటిల్ ట్రాప్ ఉండదు. బేసిన్ అడుగు నుంచి ముడతల పైపు ఒకటి నేరుగా దిగి గోడలోని కన్నంలోకో, నేల మీద పైపులోకో దూరుతుంది. కన్నం పెద్దది, పైపు సన్నది, చుట్టూ అంగుళం ఖాళీ. ఆ ఖాళీయే కంపుకు రాజమార్గం, బొద్దింకలకు కూడా. ఆ ఖాళీలో సరిపోయే రబ్బరు రింగు దూర్చండి, అది దొరక్కపోతే సిలికాన్ సీలెంట్ పట్టించండి. గుడ్డ చుట్టి దూర్చితే ఆ గుడ్డే తడిసి కుళ్లుతుంది. ముడతల పైపును ఒకచోట ‘యు’ ఆకారంలో వంచి, ఆ వంపు కదలకుండా ప్లాస్టిక్ టై వేస్తే అక్కడ నీళ్లు నిలిచి తాత్కాలిక ట్రాప్‌లా పనిచేస్తుంది. శాశ్వతంగా కావాలంటే బాటిల్ ట్రాప్ పెట్టించాల్సిందే.

బేసిన్ పైఅంచు దగ్గర చిన్న రంధ్రం ఉంటుంది, నిండి పొర్లకుండా నీళ్లు పోయేందుకు. దాన్ని ఎవరూ కడగరు. బేసిన్ దగ్గర మొహం వంచినప్పుడే వాసన వస్తుంటే పొడుగు బ్రష్‌ను అందులో తిప్పి, సోడా కలిపిన వేడినీళ్లు మగ్గుతో పోయండి.

వాషింగ్ మెషీన్ గొట్టానికి కూడా ఆ రబ్బరు రింగు చికిత్సే. గొట్టాన్ని పైపులో మరీ లోపలికి తోయకండి, మురుగు నీళ్లు తాకేంత దిగితే మెషీన్‌లోకే వాసన ఎక్కుతుంది.

కమోడ్ అడుగున

కమోడ్ చుట్టూ వైట్ సిమెంటు గీత పగిలిందా, కూర్చున్నప్పుడు కమోడ్ కదులుతోందా చూడండి. కదులుతుంటే అడుగున పైపుతో కలిసేచోట సీలు వదిలిందన్నమాట. పైన సిమెంటు పూస్తే ఆ కంపు పోదు. కమోడ్ ఎత్తి, కనెక్టర్ మార్చి తిరిగి కూర్చోబెట్టాలి. ఇది ప్లంబర్ పని.

గుడగుడ చప్పుడు వస్తుంటే మేడెక్కండి

కమోడ్ ఫ్లష్ చేసినప్పుడు జాలీలో గుడగుడమంటోందా? పై అంతస్తువాళ్లు బకెట్ కుమ్మరించినప్పుడు మీ జాలీలో నీళ్లు ఊగుతున్నాయా? అయితే పైపుకు గాలి అందట్లేదు. నిలువు పైపులో నీళ్లు వేగంగా దిగేటప్పుడు వెనక గాలి కావాలి. అది పైనుంచి అందకపోతే మీ ట్రాప్‌లోని నీళ్లను లాగేసి దారి చేసుకుంటుంది. మీరు రోజూ నింపుతారు, అది రోజూ తాగేస్తుంది.

అందుకే మురుగు పైపును డాబా పైదాకా తీసుకెళ్లి, పైన టోపీ పెట్టి వదులుతారు. డాబా మీదికి వెళ్లి చూస్తే ఆ పైపు గతి తెలుస్తుంది. దోమలొస్తున్నాయని ఎవరో గుడ్డ కుక్కి ఉంటారు. పెంట్‌హౌస్ కట్టినప్పుడు నేలమట్టానికి కోసి సిమెంటు వేసి ఉంటారు. టోపీ విరిగి పిట్ట గూడు కట్టి ఉండొచ్చు. అడ్డం తీసేసి, దోమల కోసం నైలాన్ వల కట్టండి, గాలి ఆడుతుంది, దోమ రాదు. పైపు పొడవు తక్కువై డాబా మీద కూర్చున్నవాళ్లకు వాసన తగులుతుంటే ఇంకో రెండు మీటర్లు పెంచించండి.

ఇంటి బయట

వర్షం పడ్డాక కంపు ఎక్కువైనా, కింది అంతస్తు జాలీలన్నీ ఒకేసారి నెమ్మదించినా లోపల వెతకడం ఆపి బయటికి రండి. చాంబర్ మూతలు పగిలాయా, నిండి ఉన్నాయా చూడాలి. అపార్ట్‌మెంట్లలో మొదట దెబ్బ తినేది గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాటే, తప్పు మాత్రం అందరి పైపుది. అసోసియేషన్ ఖర్చుతో లైను శుభ్రం చేయించాలి, ఆ ఒక్క ఇంటి మీద రుద్దకూడదు. హైదరాబాద్‌లో వీధి మ్యాన్‌హోల్ పొంగుతుంటే జలమండలి 155313కు ఫోన్ చేయొచ్చు.

సెప్టిక్ ట్యాంకును రెండు మూడేళ్లకోసారి ఖాళీ చేయించాలి. ‘పదేళ్లయింది, ఒక్కసారీ నిండలేదు’ అని గొప్పగా చెప్పే ఇళ్లలో మడ్డి పైదాకా చేరి, మురుగు విరగకుండానే బయటికి పోతుంటుంది.

ట్యాంకు మూత మీరు తెరవకండి, వంగి చూడకండి, దగ్గర్లో అగ్గిపుల్ల గీయకండి. లోపల మండే మీథేన్ ఉంటుంది, హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా ఉంటుంది. రెండోది మరీ మోసకారి: కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్డు వాసన ఘాటుగా తెలుస్తుంది, మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి అసలు వాసనే తెలియదు. వాసన తగ్గిందని దిగినవాళ్లు, వాళ్లను కాపాడబోయి దిగినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు మనం తరచూ చదువుతూనే ఉన్నాం. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపి శుభ్రం చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మోటారు, గొట్టం ఉన్న ట్యాంకర్‌నే పిలవండి.

అసలు ట్రాపే లేకపోతే

ఊళ్లలో, పాత పట్టణాల్లో బాత్‌రూమ్ గోడకు కన్నం పెట్టి పైపు ముక్కను నేరుగా బయటి సైడు కాల్వలోకి వదిలేసిన ఇళ్లు ఎన్నో. అక్కడ కడగడానికి ఏమీ లేదు, కాల్వ కంపంతా ఆ పైపులోంచి వస్తుంది, ఎలుకలూ వస్తాయి. నేల పగలగొట్టక్కర్లేదు. గోడ బయట పైపు చివర వంపు ట్రాప్ ఒకటి బిగించి, దాని అవతలి మూతి కాల్వలోకి వదిలితే సరిపోతుంది. వంపు అడుగున మూత ఉన్న రకం తీసుకుంటే ఇసుక చేరినప్పుడు విప్పి కడుక్కోవచ్చు.

అద్దె ఇల్లయి ఓనరు ఒప్పుకోకపోతే, సిలికాన్ మూత ఉన్న జాలీ పెట్టుకోండి. నీళ్లు పడితే తెరుచుకుంటుంది, ఆగితే మూసుకుంటుంది. వెంట్రుక ఒక్కటి ఇరుక్కున్నా పూర్తిగా మూసుకోదు కాబట్టి వారం వారం తీసి కడగాలి.

ప్లంబర్‌ను పిలిచినప్పుడు

పైవన్నీ చేశాక కూడా కంపు వస్తుంటే ట్రాప్ మార్చడమే మిగిలింది. వచ్చిన మనిషికి ‘కంపు వస్తోంది’ అని మాత్రం చెప్పకండి, ఇంకో సీసా యాసిడ్ పోసి వెళ్లిపోతాడు. ఏ రంధ్రం మీద కవరు తీస్తే వాసన వచ్చిందో, నీళ్లు ఎన్నాళ్లు నిలిచాయో, గుడగుడ ఉందో లేదో చెప్పండి. రెండంగుళాల నీళ్లు నిలిచే ట్రాపే కావాలని అడగండి. షాపులో స్కేలు పెట్టి కొలుచుకోవచ్చు: గిన్నెలో నీళ్లు ఏ మట్టం దాటితే బయటికి పోతాయో అక్కడి నుంచి, నీళ్లలో మునిగే అడ్డు కింది అంచు దాకా ఉన్న ఎత్తే ఆ లోతు.

ట్రాప్ కూర్చోబెట్టాక, టైల్స్ అతికించకముందే ఒక రాత్రి ఆగమనండి. సాయంత్రం ట్రాప్ నిండా నీళ్లు పోసి, మట్టం దగ్గర పెన్నుతో గీత గీయండి. పొద్దునకి నీళ్లు ఆ గీత దగ్గరే ఉంటే టైల్స్ వేయించుకోవచ్చు. కిందికి దిగితే అతుకు విప్పించి మళ్లీ వేయించండి.